చేతితో చేసిన 120 కెమెరాకు గ్రౌండ్ గ్లాస్ బిగించడం

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మండపంలో, నేను చేత్తో చేసుకున్న కెమెరాతో మొదటి రోలు తీశాను. 120 అనే వెడల్పాటి రోలు ఫిల్మ్ వేసే కెమెరా అది. మూడు మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీద ఫోకస్ పెట్టాను. వెనక గాజు మీద ఆ స్తంభం చెక్కడం గీత గీతా కనబడింది. ఇంటికొచ్చి ఫిల్మ్ కడిగితే స్తంభం మసకగా ఉంది. కెమెరాకు ఆరు మీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ద్వారబంధం మాత్రం ఎంతో స్పష్టంగా వచ్చింది. పన్నెండు ఫ్రేముల్లోనూ అదే వరస. రెండు రోజులు టెన్షన్ పడ్డాక దొరికిన తప్పు ఒక్కటే: గ్రౌండ్ గ్లాసు, అంటే ఫోకస్ చూసుకోవడానికి ఒక ముఖం గరుకుగా నూరిన ఆ గాజు, గరుకు ముఖం లెన్సు వైపు ఉండాల్సింది, నా కంటి వైపు పెట్టి బిగించాను.

మా నాయినకు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న స్టూడియో ఉండేది. పెద్ద గ్రూపు ఫొటోలకు స్టాండు కెమెరా తీసేవాడు. నల్లగుడ్డ కప్పుకుని, వెనక మసకద్దం మీద తలకిందుల బొమ్మ చూసుకునేవాడు. నన్ను కూడా ఆ గుడ్డ కిందికి పిలిచి, "ఏది ఎటున్నదో చెప్పు బిడ్డా" అని అడిగేవాడు. ఇప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. కుంభాకార కటకం పాఠం వచ్చిన ప్రతిసారీ నాకు ఆ గుడ్డ కింది చీకటే గుర్తొస్తుంది. సొంతంగా కెమెరా చేసుకోవాలన్న కోరిక కూడా అక్కడ పుట్టిందే.

నా కెమెరా సంగతి కొంచెం చెప్పి అసలు విషయానికి వస్తాను. బాడీకి 6 మి.మీ. ప్లైవుడ్ మా వీధి వడ్లాయన కోసి ఇచ్చాడు. లెన్సు నాయిన బీరువాలో మిగిలిన ఒక పాత ఫోల్డింగ్ కెమెరాది. దాని బెల్లోస్ (మడతల తిత్తి) చిల్లులు పడిపోయింది గానీ 85 మి.మీ., ఎఫ్/4.5 లెన్సూ, షట్టరూ బాగున్నాయి. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టె ముందుకు జరిగితే ఫోకస్ మారుతుంది. ఫ్రేము 56 మి.మీ. చదరం (దీన్నే 6×6 అంటారు), రోలుకు పన్నెండు బొమ్మలు. ఫిల్మ్ పెట్టె వేరు, గ్రౌండ్ గ్లాస్ చట్రం వేరు. రెండూ కెమెరా వెనక ఒకే చోట, అవే నాలుగు తిప్పుడు గడియలతో బిగుస్తాయి. ఫిల్మ్ పెట్టె ముందు డార్క్ స్లయిడు ఉంటుంది కాబట్టి రోలు మధ్యలో కూడా పెట్టె తీసి గాజు పెట్టి చూసుకోవచ్చు. ఆ స్లయిడును ప్రింటింగ్ ప్రెస్సులో పారేసిన ఆఫ్‌సెట్ ప్లేటు కత్తిరించి చేశాను. అది పల్చటి అల్యూమినియం రేకు, వెలుతురును పూర్తిగా ఆపుతుంది.

మీ కెమెరాలో ఫిల్మ్ పెట్టె విడిగా ఊడిరాకపోయినా గ్రౌండ్ గ్లాసు పనికొస్తుంది. ఫిల్మ్ వేయకముందే వెనక తలుపు తీసి, గాజు పెట్టి, మీటరు, రెండు మీటర్లు, ఐదు మీటర్లు, అనంతం అని లెన్సు దగ్గర గుర్తులు గీసుకోండి. ఆ తర్వాత టేపు కొలతతో తీయొచ్చు.

ఇక అసలు నియమం. ఫిల్ముకు మందు పూసిన వైపు లెన్సును చూస్తుంది. ఫ్రేముకు రెండు పక్కలా ఉన్న పట్టీల మీద ఆ పూత ముఖమే ఆనుతుంది, వెనక నుంచి ప్రెషర్ ప్లేటు నొక్కుతుంది. కాబట్టి పట్టీల తలమే బొమ్మ పడే తలం. గాజు గరుకు ముఖం కూడా లెన్సు నుంచి సరిగ్గా అంతే దూరంలో ఉండాలి. ఇందులో ఫిల్మ్ మందాన్ని కలపడం, తీసేయడం అనే లెక్కే లేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే 0.1 మి.మీ. ఫిల్ముకూ, ఇంకో 0.1 వెనక కాగితానికీ కలిపి చట్రాన్ని పాడుచేసుకుంటారు. ఫిల్మూ కాగితమూ రెండూ ఆ తలానికి వెనకే ఉంటాయి.

నా తప్పు ఎంత పెద్దదో లెక్కేసి చూశాను. గాజు మందం 2 మి.మీ. గరుకు ముఖం వెనక్కి ఉంటే వెలుతురు ఆ రెండు మిల్లీమీటర్లూ గాజులోంచి పోవాలి. గాజు వక్రీభవన గుణకం 1.5 కాబట్టి అది గాలిలో 1.33 మి.మీ.కు సమానం. అంటే నేను ఫోకస్ చూస్తున్న తలం ఫిల్ముకు 1.33 మి.మీ. వెనక ఉంది. 85 మి.మీ. లెన్సుకు మూడు మీటర్ల వస్తువు బొమ్మ, అనంతం స్థానానికి సుమారు 2.48 మి.మీ. వెనక పడుతుంది. అందులోంచి 1.33 తీసేస్తే మిగిలేది 1.15. ఆ దూరంలో బొమ్మ పడాలంటే వస్తువు 6.4 మీటర్ల దగ్గర ఉండాలి. ద్వారబంధం స్పష్టంగా రావడానికి కారణం అదే. లెక్క ఇంత కచ్చితంగా కుదిరినందుకు ఆ రోజు ఫిల్మ్ పోయిందన్న బాధ సగం తగ్గింది.

ఎంత కచ్చితం కావాలో తెలుసుకోవడానికి ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) అంకెను, అంటే ఎఫ్/ పక్కన ఉండే అంకెను, 0.05తో గుణించండి. 6×6 ఫ్రేముకు ఇది సరిపోయే లెక్క. ఎఫ్/4.5 దగ్గర అటో ఇటో 0.22 మి.మీ., ఎఫ్/8 దగ్గర 0.4 మి.మీ. తేడాను ఫిల్మ్ ఓర్చుకుంటుంది. ఎప్పుడూ ఎండలో ఎఫ్/16తో తీసేవాళ్లకు 0.8 మి.మీ. వరకు తప్పు కనబడదు. అందుకే కొందరి కెమెరాలు ఏళ్ల తరబడి బాగున్నట్టే ఉండి, మొదటిసారి సాయంత్రం వెలుతురులో ఎపర్చర్ పూర్తిగా తెరిచిన రోజు మోసం చేస్తాయి.

గాజు నూరడం

ఫొటో ఫ్రేములు కట్టే షాపులో 2 మి.మీ. మామూలు గాజు అడగండి. 60×75 మి.మీ. ముక్కలు రెండు కోయించండి. 120 ఫిల్మ్ వెడల్పు సుమారు 61 మి.మీ. కాబట్టి ఈ ముక్క ఫిల్మ్ పెట్టెలో పట్టీల మీద కూడా కూర్చుంటుంది. ఈ కొలతే ఎందుకో రెండు గాజుల పరీక్ష దగ్గర తెలుస్తుంది. ముందుగా కత్తులు నూరే రాయిని తడిపి, నాలుగు అంచులూ పదును పోయేదాకా రుద్దండి. అంచు నుంచి చిన్న పెచ్చు ఊడినా, నూరేటప్పుడు అది గాజు మీద పొడుగాటి గీత పెడుతుంది.

నూరడానికి కార్బొరండం పొడి కావాలి, 400 నంబరుది. అది దొరక్కపోతే ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో వాల్వ్ గ్రైండింగ్ పేస్టు దొరుకుతుంది. ఇంజను వాల్వులు కూర్చోబెట్టడానికి మెకానిక్కులు వాడేది. ముతక, సన్నం రెండు రకాలు వస్తాయి, సన్నం తీసుకోండి. అది జిడ్డుగా ఉంటుంది, చివర్లో సబ్బుతో బాగా కడగాలి. నేను రెండూ వాడి చూశాను. పొడితో వచ్చినంత సమంగా పేస్టుతో రాలేదు, కానీ పని జరుగుతుంది.

ఒక ముక్కను తడి న్యూస్‌పేపర్ మీద పెట్టండి, జారదు. దాని మీద అర చెంచా కంటే తక్కువ పొడి, నాలుగైదు నీటి చుక్కలు వేయండి. రెండో ముక్కను దాని మీద పెట్టి, రెండు వేళ్లతో మెల్లగా నొక్కుతూ, తెలుగు నాలుగంకె రాసినట్టు సుళ్లు తిప్పుతూ నూరండి. మొదట కరకర చప్పుడు వస్తుంది. పొడి అరిగేకొద్దీ చప్పుడు మెత్తబడుతుంది, అప్పుడు కొత్త పొడి వేయాలి. రెండు మూడు నిమిషాలకోసారి పై గాజును పావు వంతు తిప్పండి, పైదాన్ని కిందికీ కిందిదాన్ని పైకీ మార్చండి. ఇలా మార్చకపోతే పై గాజు మధ్యలో గుంట పడుతుంది, కింది గాజు ఉబ్బుతుంది. టెలిస్కోపు అద్దాలు చేసేవాళ్లు కావాలని చేసే పనే ఇది, మనకు మాత్రం అది వద్దు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నూరాక కడిగి, ఆరబెట్టి, దీపం వైపు ఏటవాలుగా పట్టి చూడండి. మెరిసే మచ్చలు ఎక్కడన్నా కనబడితే అక్కడ ఇంకా అరగలేదన్నమాట.

తర్వాత 600 నంబరు పొడితో ఇంకో పది నిమిషాలు. నంబరు మార్చే ముందు గాజు, బల్ల, చేతులు, గోళ్ల సందులు అన్నీ కడగండి. న్యూస్‌పేపర్ కూడా మార్చండి. 400 రేణువు ఒక్కటి మిగిలినా సన్నటి నునుపంతా పాడవుతుంది. పొడిని ఎప్పుడూ తడిగానే ఉంచండి. ఆరితే దుమ్ములా లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

600 దాటి ఇంకా నునుపు చేయాలని ఆశపడకండి. గరుకు మరీ సన్నబడితే మధ్యలో వెలుతురు బాగా పెరుగుతుంది గానీ మూలలు చీకటవుతాయి. పైగా కన్ను గాజు మీది బొమ్మను వదిలి, దాని వెనక గాలిలో నిలిచే బొమ్మను పట్టుకుంటుంది. మీరు ఫోకస్ అయిందనుకుంటారు, గాజు మీద అయి ఉండదు. కొంచెం గరుకుతనం మన మేలుకే.

నూరే శ్రమ లేకుండా గాజును మసక చేసే ఆసిడ్ క్రీములు ఉంటాయని కొందరు చెప్తారు. వాటిల్లో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌గానీ, దాని లవణాలుగానీ ఉంటాయి. అవి చర్మం గుండా లోపలికి పోయి శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి, మంట కూడా కొన్నిసార్లు ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో మా జిల్లాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినదాన్ని, ఆ క్రీమును నా ఇంట్లోకి రానివ్వను. అరగంట చేత్తో నూరుకోవడం మేలు.

గరుకు ముఖం మీద మెత్తటి పెన్సిల్‌తో 56 మి.మీ. చదరం గీసి, మధ్యలో అడ్డంగా నిలువుగా రెండు గీతలు పెట్టండి. ఏది గరుకు ముఖమో ఇక ఎప్పటికీ పొరపడరు.

చట్రం

ఫిల్మ్ పెట్టెకు, కెమెరాకు ఆనే ముఖం నుంచి పట్టీల దాకా ఉన్న లోతు కొలవండి. ఆనే ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, వెర్నియర్ కాలిపర్స్ వెనక ఉండే సన్నటి కడ్డీని లోపలికి దించండి, తర్వాత స్కేలు మందం తీసేయండి. నాలుగు మూలలా కొలవండి. నా పెట్టె లోతు 11.3 మి.మీ. గ్రౌండ్ గ్లాస్ చట్రంలో గాజు కూర్చునే మెట్టు కూడా అంతే లోతులో రావాలి. స్కూలు ల్యాబులో వెర్నియర్ లీస్ట్ కౌంట్ 0.1 మి.మీ., కాబట్టి ఈ కొలత మొదటి అంచనాకే. వడ్లాయనకు 10.8 మి.మీ. అని చెప్పాను. కావాలనే అర మిల్లీమీటరు తక్కువ చెప్పాను. మెట్టు మీద కాగితం పెట్టి గాజును వెనక్కి జరపడం నిమిషం పని, మెట్టును సమంగా చెక్కి లోతు మార్చడం గంటల పని.

చట్రం ఆనే ముఖాన్ని చదును చేయడానికి, మందపాటి టేబుల్ గాజు మీద 320 నంబరు సాండ్ పేపర్ అంటించి, దాని మీద చట్రాన్ని సుళ్లు తిప్పుతూ రుద్దండి. ఆనే ముఖమంతా పెన్సిల్‌తో ముందే గీతలు గీసి పెట్టుకుంటే, గీతలన్నీ పోయిన క్షణమే చదునైనట్టు.

వెలుతురు చొరబడకుండా పెట్టే మఖ్‌మల్ గుడ్డ విషయంలో జాగ్రత్త. దాన్ని ఆనే ముఖం మీదే అంటిస్తే, ఒక రోజు ఎక్కువ నలుగుతుంది, ఇంకో రోజు తక్కువ. మీరు కాగితాలు లెక్కపెట్టి సాధించిన పదో వంతు మిల్లీమీటర్లన్నీ ఆ గుడ్డలో కలిసిపోతాయి. చుట్టూ గాడి చెక్కించి గుడ్డను అందులో పెట్టండి. చెక్క చెక్కకే ఆనాలి.

గాజును పట్టి ఉంచడానికి పాడైన స్టీలు టేపు కొలత నుంచి నాలుగు ముక్కలు కత్తిరించాను. ఆ రేకులో సహజంగానే స్ప్రింగు గుణం ఉంటుంది. ఒక్కో స్క్రూతో బిగించి గాజును మెట్టు మీదికి నొక్కేలా వంచాను. జిగురుతో అంటించవద్దు, గాజు తీసి పెట్టే పని చాలాసార్లు పడుతుంది. గరుకు ముఖం మెట్టు మీద, అంటే లెన్సు వైపు. ఒకసారి వేలితో తడిమి చూడండి.

రెండు గాజుల పరీక్ష

ఈ పరీక్ష ముందే తట్టి ఉంటే పానగల్ రోలు పోయేది కాదు. ఫిల్మ్ ఖర్చు లేదు, చీకటి గది అక్కర్లేదు.

మా డాబా మీద నుంచి లతీఫ్ సాహెబ్ గుట్ట, దాని మీది దర్గా కనబడతాయి. కెమెరాను స్టాండు మీద గట్టిగా బిగించి దర్గా వైపు తిప్పాను. 85 మి.మీ. లెన్సుకు అర కిలోమీటరు దాటినది ఏదైనా అనంతమే, తేడా మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త పైన. షట్టర్‌ను బల్బ్‌లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే స్థానంలో) పెట్టి, లాక్ ఉన్న కేబుల్ రిలీజ్‌తో తెరిచి ఉంచాను. ఎపర్చర్ పూర్తిగా తెరిచాను. ముందు ఖాళీ ఫిల్మ్ పెట్టెను బిగించి, స్లయిడు లాగి, వెనక తలుపు తీసి, రెండో గాజు ముక్కను పట్టీల మీద గరుకు ముఖం లెన్సు వైపుగా పెట్టాను. పక్కల రబ్బరు బ్యాండ్లతో నొక్కి ఉంచాను. గుడ్డ కప్పుకుని దర్గా మీద ఫోకస్ చేసి, ముందు పెట్టె ఎంత బయటికి వచ్చిందో వెర్నియర్‌తో కొలిచాను. ఫోకస్ చెడగొట్టి మళ్లీ చేశాను. మూడుసార్లు: 31.4, 31.5, 31.4. తర్వాత పెట్టె తీసి చట్రం పెట్టి అదే పని. 31.7, 31.7, 31.8.

తేడా 0.3 మి.మీ. చట్రంలో గాజు లెన్సుకు అంత దగ్గరగా ఉందన్నమాట, దాన్ని వెనక్కి జరపాలి. మా స్కూలు ప్రశ్నపత్రాల కాగితం స్క్రూగేజీలో 0.10 మి.మీ. వచ్చింది. మూడు కాగితాల ముక్కలు నాలుగు మూలలా మెట్టు మీద పెట్టాను. మళ్లీ కొలిస్తే రెండూ 31.4. తర్వాత కాగితం తీసేసి కూల్‌డ్రింక్ టిన్ను రేకు పెట్టాను, దాని మందం కూడా దాదాపు 0.1 మి.మీ.యే. కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, రేకు ఉబ్బదు. మీ తేడా ఎక్కువైతే పాత ఏటీఎం కార్డు ముక్క 0.76 మి.మీ. ఉంటుంది, దానితో మొదలుపెట్టండి.

ఫోకస్ చూసే భూతద్దాన్ని ముందు పెన్సిల్ గీతల మీద ఫోకస్ చేసుకోవాలి. గీతలు స్పష్టంగా ఉన్నప్పుడే బొమ్మ కూడా స్పష్టంగా ఉండాలి. గడియారాలు రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే లూప్ చాలు. మూలలు మరీ చీకటిగా ఉంటే, పెద్దవాళ్లు పేపరు చదవడానికి వాడే పల్చటి ప్లాస్టిక్ ఫ్రెనెల్ షీటును గాజుకు వెనక, మీ కంటి వైపు పెట్టండి. గాజుకు ముందు పెడితే ఫోకస్ తలమే జరిగిపోతుంది. ఇక గుడ్డ లోపల నలుపు, బయట తెలుపు, రెండు పొరలుగా కుట్టించుకోండి. మే నెల నల్లగొండ ఎండలో ఒట్టి నల్లగుడ్డ కింద రెండు నిమిషాలు కూడా నిలవలేం.

ఆఖరి సాక్ష్యం ఫిల్ముదే. పట్టీల మీద గాజు చదునుగా కూర్చుంటుంది, ఫిల్మ్ మాత్రం ప్రెషర్ ప్లేటు సరిగ్గా నొక్కకపోతే ఉబ్బుతుంది. అందుకని ఒక ఫ్రేము ఖర్చు పెట్టండి. పిట్టగోడ మీద ఐదు ఇటుకలు, ఒకదాని వెనక ఒకటి, పక్కకు కొంచెం జరుపుతూ, పది సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టాను. ఒక్కోదానికి న్యూస్‌పేపర్ ముక్క అంటించి నంబరు వేశాను. మధ్య ఇటుక లెన్సుకు సరిగ్గా మీటరున్నర. దాని మీద ఫోకస్ చేసి ఎఫ్/4.5తో తీసి, నెగటివ్‌ను లూప్‌తో చూడాలి. ముందరి ఇటుక ఎక్కువ స్పష్టంగా వస్తే ఫిల్మ్ గాజు కంటే సుమారు 0.39 మి.మీ. వెనక ఉంది, గాజును వెనక్కి జరపండి. వెనకటి ఇటుక స్పష్టంగా వస్తే ఫిల్మ్ సుమారు 0.34 మి.మీ. ముందుంది. రెండు గాజుల పరీక్ష సరిపోయి ఇది సరిపోకపోతే చట్రాన్ని ముట్టుకోకండి, ప్రెషర్ ప్లేటు కింద స్పాంజి మార్చండి. నాకు మొదట ముందరి ఇటుకే వచ్చింది. స్పాంజి మందం పెంచాక మధ్య ఇటుక మీద అక్షరాలు చదవగలిగాను.

ప్లైవుడ్ వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. జూలైలో ఒకసారి, మార్చిలో ఒకసారి దర్గా మీద రెండు గాజుల పరీక్ష మళ్లీ చేస్తాను. వచ్చిన అంకెలు తేదీతో సహా చట్రం లోపలి వైపు పెన్సిల్‌తో రాసి పెడతాను.

బయట వాడే క్రమం ఇది. చట్రం పెట్టి, షట్టర్ తెరిచి, ఫోకస్ చేసి, ముందు పెట్టె కదలకుండా స్క్రూ బిగించండి. షట్టర్ మూయండి. ఎపర్చర్, వేగం పెట్టుకోండి. చట్రం తీసి ఫిల్మ్ పెట్టె బిగించండి, అప్పుడే స్లయిడు లాగండి. తీశాక స్లయిడు పూర్తిగా లోపలికి పోయేదాకా నెట్టి, ఆ తర్వాతే ఫిల్మ్ తిప్పండి. వెనక ఎర్ర కిటికీలో మధ్య వరస అంకెలు చూడాలి, 6×6కు అవే. ఇప్పటి ఫిల్ములు ఎరుపుకు కూడా స్పందిస్తాయి కాబట్టి కిటికీ మీద నల్ల మూత ఉంచి, అంకె చూసేటప్పుడు మాత్రం నీడలో తెరవండి.

గాజును సరిచేసుకున్నాక మళ్లీ పానగల్ వెళ్లాను. ఛాయ పడే గర్భగుడి ముందు, అదే స్తంభం, అదే మూడు మీటర్లు, ఎఫ్/4.5. ఈసారి నెగటివ్‌లో స్తంభం మీది చెక్కడం అంతా ఉంది, వెనక ద్వారబంధం మెత్తగా కరిగిపోయింది.